లైల్ హాగెన్ గారు పాతిన చెట్టు

ఉత్తర విస్కాన్సిన్‌లో, ఎటు చూసినా చెట్లు తప్ప మరేమీ లేని అడవిలో ఒక చెట్టు తక్కువైందని లైల్ హాగెన్ గారు కనిపెట్టారు. ఆ లోటు తీర్చే భారం కూడా ఆయనే నెత్తిన వేసుకున్నారు. మగ జింకలు కొమ్ములు రాసుకుని, నుదుటి వాసన అంటించి, ఇది నా పేట అని చాటుకోవడానికి చెట్లు వెతుక్కుంటాయి. ఆ చెట్టేదో తన వేట మంచె ముందే ఉంటే జింకకు నడకా, తనకు తిరుగుడూ తప్పుతాయి. పరోపకారమంటే ఇదీ!

సెప్టెంబరులో దేవదారు దుంగ ఒకటి మోసుకొచ్చి, మోకాలి లోతు గొయ్యి తవ్వి పాతారు. కొమ్ములతో రాసినట్టే రంపంతో గీకారు. సీసాల్లో అమ్మే జింక నుదుటి వాసన పూశారు. మనిషి వాసన తగలకూడదని రబ్బరు చేతొడుగులు తొడిగారు, సబ్బు మానేశారు. అక్టోబరుకల్లా ఆయన పడక గరాజులోకి మారింది.

"జింకలొస్తాయో రావో గానీ, నేను మాత్రం పారిపోయేలా ఉన్నాను," అంది భార్య మర్నా.

నవ్వకండి, పరువు సమస్య. వాళ్ల వేట శిబిరంలో గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి గోడకు కొడతారు. గోడ మీద పదకొండు ముక్కలుంటే నాలుగు లైల్ గారివే. మంచి చొక్కాలన్నీ అలా గోడెక్కాయి. ఈసారి ఆయన వేసుకున్నది చనిపోయిన తండ్రి ఉన్ని చొక్కా. ఆ పెద్దాయన నలభై ఏళ్లు వేటాడినా దాని అంచు చెక్కుచెదరలేదు.

"మావయ్య చొక్కా అది. పోతే మళ్లీ రాదు," అని మర్నా ముందే హెచ్చరించింది.

"అందుకేగా చెట్టు పాతింది!" అన్నారు లైల్ గారు.

నవంబరులో, వేట మొదటి రోజు పొద్దున్నే, బలిసిన మగ జింక నిజంగానే వచ్చింది. వాసన చూసింది. కొమ్ములు ఆనించి రాయసాగింది. తన పనితనం చూసుకుని లైల్ గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే తుపాకీ పేల్చారు. జింక వెళ్లిపోయింది. తూటా దుంగ నడిమధ్యన దిగింది.

సాయంత్రం శిబిరంలో తోటి వేటగాళ్లు ఐదుగురూ పంచాయితీ పెట్టారు.

"నేను గురి తప్పలేదు. చెట్టు అడ్డొచ్చింది."

"అడ్డంగా పాతిందెవరు బావా?" అన్నాడు బావమరిది డ్వేన్, కత్తెర తీస్తూ.

"ఒరే, ఇది నాన్న చొక్కారా. కావాలంటే ఇంట్లో ఉన్నవన్నీ కత్తిరించుకో. దీన్ని వదిలెయ్."

"రూలు రూలే బావా. ఈ రూలు పెట్టిందే ఆ మావయ్య."

ఆ మాట నిజమే. కత్తెర ఆడింది. నాన్న చొక్కా ముక్క గోడ మీద చూసి లైల్ గారి గుండె కలుక్కుమంది.

"అయినా బావా," అన్నాడు డ్వేన్ మెల్లగా, "జింక నిజంగా వచ్చి రాసిందా?"

"రాసింది."

ఐదు కుర్చీలు దగ్గరికి జరిగాయి. పెన్సిళ్లు బయటికొచ్చాయి. అంతే, లైల్ గారి దుఃఖం సర్దుకుంది. లేచి నిలబడి, తెగిన చొక్కా సవరించుకుని, ఉపన్యాసం ప్రారంభించారు.

"ఏ దుంగ పడితే ఆ దుంగ పనికిరాదు. ముందు అడవంతా గాలించి, జింక రోజూ వచ్చి కొమ్ములు రాసుకునే చెట్టు ఏదో కనిపెట్టాలి. దొరికిందా? నరికెయ్యాలి."

ఐదుగురూ పొల్లుపోకుండా రాసుకున్నారు. 'నరికెయ్యాలి' కింద డ్వేన్ రెండు గీతలు కూడా గీశాడు.