మబ్బు కథకు సలహాదారు

మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ‘మబ్బును మేపిన పిల్ల’ సినిమా మొదలవుతోందని, తరతరాల పిల్లలు చదివిన ఆ పుస్తకాన్ని నిజంగా చదివిన మనిషి ఒక్కడు అత్యవసరంగా కావలెనని నిర్మాత జనార్దన్ ప్రకటించారు. రెండు మండలాలు గాలించగా చేవెళ్లలో ఎలీషా దొరికాడు. వాళ్లింట్లో మొదటి డిగ్రీ అతనిదే. పదో తరగతిలో ఆ పుస్తకమే ఉపవాచకం. ఇక చదవకుండా ఎక్కడికి పోతాడు?

ఎలీషా చదివింది గైడు. కథా సారాంశం, నక్షత్రం గుర్తు పెట్టిన ప్రశ్నలు. అంతకు మించి చదవడం వృథా అని అప్పట్లో సారే చెప్పారు. పైగా డిగ్రీ చేతికొచ్చాక దొరికిన మొదటి కొలువు ఇది. తల్లి ప్రేమమ్మ ఆదివారం చర్చిలో నిలబడి కృతజ్ఞత కూడా చెప్పేసింది. దేవుడికి చెప్పిన మాట వాపసు తీసుకునే పద్ధతి లేదు కనుక, అతను ‘కథా సలహాదారు’ కుర్చీలో కూర్చున్నాడు.

పుస్తకంలో మబ్బు మాట్లాడుతుందా అని డైరెక్టర్ వినయంగా అడిగాడు.

“అది ఇంపార్టెంట్ కాదు సార్. పరీక్షల ఎన్నడు రాలె.”

మబ్బు నోరు పడిపోయింది, గ్రాఫిక్స్ ఖర్చు తగ్గింది, ఎలీషా పాండిత్యం పెరిగింది. మబ్బును మేకలా మేపే బీదపిల్లగా నిర్మాత మనవరాలు స్నిగ్ధ సొంత గుర్రమెక్కి వచ్చింది. చివర్లో మబ్బు నిర్మాతగారి ప్లాట్ల వెంచర్ మీద కురిసి, ప్రహరీ లోపలే స్థిరపడింది. ప్రతి మార్పుకూ సారాంశం చెడలేదని ఎలీషా ధ్రువీకరించాడు.

సినిమా పుస్తకం కంటే బాగుందని చేవెళ్ల ఏకగ్రీవంగా తీర్మానించింది. రెండో భాగానికీ ఎలీషానే ఖాయం చేశారు.

చిక్కు మేనకోడలు ఆశా వల్ల వచ్చింది. గైడు చేతిలో ఉండగా, ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల అసలు పుస్తకం చదివింది. చివరికి పిల్ల మబ్బును వదిలేస్తుందని పరీక్షలో రాసింది. సినిమాలో అలా లేదని సార్ సున్నా వేశారు.

“మామా, నువ్వు చదివినవు గద. జర వచ్చి సార్‌కు చెప్పు.”

బడిలో తల్లిదండ్రుల సమావేశం నడుస్తోంది. సార్ లేచి నిలబడి, శాలువా సిద్ధంగా లేనందుకు క్షమాపణ కోరి, తీర్పు చెప్పమన్నారు. ఆశా చివరి పేజీ తెరిచి పట్టుకుంది. ఎలీషా ఆ పేజీని జన్మలో మొదటిసారి చదివాడు. పిల్ల మబ్బును వదిలేసిన మాట నిజమే. ఎందుకు వదిలేసిందో చెప్పే వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. అంతలో రెండో భాగం గుర్తొచ్చింది.

“పాప సినిమాను మనసు పెట్టి చూడలె సార్.”

ఆశా పుస్తకం మూసేసింది. పిల్ల దారిలో పడిందని తల్లిదండ్రులందరూ సంతోషించారు. పిల్లల చదువు కోసమని ఆ సినిమా రెండేసి సార్లు చూసినవాళ్లు మరి.