గోర్నీ దంపతుల పేదరికం

మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ చెస్టర్ గోర్నీ భార్యకు తన ఆలోచన చెప్పాడు. అమెరికాలోని టొలీడోలో వాళ్లుంటున్న ఇంటి మీద అప్పుంది. ప్రభుత్వ ఊరట పథకం కింద వాయిదా తగ్గించమని పెట్టుకున్న దరఖాస్తు బ్యాంకులో ఉంది. ఇల్లు చూసి వెళ్లడానికి ఆ రోజు బ్యాంకు మనిషి వస్తాడు. దరఖాస్తు కొట్టేస్తే శుక్రవారం ఇంటికి వేలం.

"వాడొచ్చేసరికి మనం బీదగా కనబడాలి."

"ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైంది. ఇంకా వేరే కనబడాలా?" అంది లొరెయిన్.

"అంత పెద్ద టీవీ చూస్తే ఎవడు నమ్ముతాడు?"

టీవీ, సోఫా పక్కింటి హ్యూబర్ట్ గ్యారేజీలోకి వెళ్లాయి. కొత్తవి కదా అని లొరెయిన్ కర్టెన్లు విప్పేసింది. వరండాలో కుర్చీలు లోపల పడేసింది. చెస్టర్ తన ట్రక్కును వెనక వీధిలో పెట్టి వచ్చాడు. ఇద్దరూ వంటింట్లో నేల మీద కూర్చుని తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించారు.

తలుపు ఎవరూ కొట్టలేదు. ఒక కారు ఇంటి ముందు ఆగింది. లోపలి మనిషి దిగకుండానే ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

"రోడ్డు మీదికే కనబడింది మన బీదతనం," అన్నాడు చెస్టర్ తృప్తిగా.

మధ్యాహ్నం వీధి తలుపు దగ్గర డ్రిల్లు మోగింది. లొరెయిన్ తలుపు తీసింది. బ్యాంకు పంపితే తాళం మార్చడానికి వచ్చిన మనిషి అదిరిపడ్డాడు.

"ఇది ఖాళీ ఇల్లండీ. మీరెలా దూరారు?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ ఇలాగే దూరుతున్నాం."

చెస్టర్ బ్యాంకుకు ఫోన్ చేశాడు.

"సార్, ఆ పథకం సొంతింట్లో ఉంటున్నవాళ్లకే," అంది అవతలి ఉద్యోగిని. "మీ ఇల్లు ఖాళీ అని రిపోర్టు వచ్చింది. దరఖాస్తు మూసేశాం."

"నేను ఇంట్లోంచే మాట్లాడుతున్నానమ్మా!"

"సెల్‌ఫోన్ కదా సార్, ఎక్కణ్నుంచైనా మాట్లాడొచ్చు. లైన్లో ఉండండి, పైవాళ్లని అడుగుతా."

ఫోన్‌లో సంగీతం మొదలైంది. చెస్టర్ స్పీకర్ ఆన్ చేసి ఫోన్ కిటికీలో పెట్టి, హ్యూబర్ట్‌ను కేకేసి, సోఫా వెనక్కి మోయించాడు. అది గుమ్మంలో ఉండగానే తాళాల మనిషి పోలీసులకు ఫోన్ చేశాడు. ఖాళీ ఇంట్లో ఎవరో సామానుతో సహా దిగుతున్నారని చెప్పాడు.

వచ్చిన పోలీసు అధికారి పేరు టిబ్స్. ఆమె గుర్తింపు కార్డు అడిగింది. అది వెనక వీధిలో, ట్రక్కులో ఉంది.

"ముందు బయటికి నడవండి."

లొరెయిన్ సోఫా మీద కూర్చుంది. "నేను రాను. కావాలంటే సోఫాతో సహా మోసుకుపో తల్లీ. నడుం జాగ్రత్త."

అప్పుడే సంగీతం ఆగింది. "సార్, ఉన్నారా?"

టిబ్స్ ఫోన్ అందుకుంది. "బ్యాంకేనా? పొయ్యి మీద సూప్ ఉడుకుతోంది, పక్క గదిలో పక్కలు పరిచున్నాయి, ఈవిడేమో సోఫా దిగదు. వీళ్లని ఖాళీ చేయించడం నా వల్ల కావట్లేదు."

"అంటే వాళ్లక్కడే ఉంటున్నారా?"

"ఉండటమా! పొమ్మన్నా పోవట్లేదు."

"పోలీసు అధికారిగా చెబుతున్నారా మేడమ్?"

"యూనిఫాంలోనే చెబుతున్నా."

"అయితే దరఖాస్తు మళ్లీ తెరుస్తున్నాం. శుక్రవారం వేలం ఆపుతాం."

లొరెయిన్ సోఫా మీదే ఏడ్చేసింది.

శీతాకాలానికి బ్యాంకు ఒప్పుకుంది. వాయిదా సగమైంది, గడువు నలభై ఏళ్లయింది. అరవై ఒక్కేళ్ల చెస్టర్, నూట ఒకటో ఏట అప్పు తీర్చేస్తానని సంతకం పెట్టాడు.