పక్కసీటు నేరస్థురాలు

"ఇరవై అయిదేళ్లుగా కారు నడుపుతున్నాను. నా పేరు మీద ఒక్క జరిమానా లేదు! ఈ ఊళ్లో ఇంకెవరినైనా ఆ మాట అనమను, చూద్దాం!"

శ్రీవారు ఈ ప్రకటన చేయడం ఆ ఉదయానికి మూడోసారి. మొదటిసారి ఇల్లాలు పాలు కాస్తోంది. రెండోసారి గిన్నెలు సర్దుతోంది. మూడోసారికి ఆమె చేయి తుడుచుకుని, బల్లమీది ఉత్తరం తీసి మళ్లీ చదువుకుంది.

"నిజమేనండీ, మీ పేరు మీద లేవు. పదకొండూ నా పేరు మీదే ఉన్నాయి."

ఉత్తరం రవాణా కార్యాలయం నుంచి వచ్చింది. పదకొండు జరిమానాలు కట్టనందుకూ, ఒక్క నోటీసుకైనా జవాబివ్వనందుకూ ఆమె లైసెన్సును నిలిపివేశారట. ఆ నోటీసులన్నీ శ్రీవారి బీరువా అడుగు సొరుగులో భద్రంగా ఉన్నాయి.

"నువ్వు కంగారుపడతావని చూపించలేదు," అన్నారు శ్రీవారు, గొప్ప త్యాగం చేసినవాడి గొంతుతో.

కారు ఆమె పేరున ఉన్న మాట నిజమే. కొన్న రోజున శ్రీవారు బంధువులందరినీ పిలిచి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి ఫొటో తీయించారు. "కారు మా ఆవిడది! నేను వట్టి డ్రైవర్ని!" అన్నారు. అందరూ మురిసిపోయారు. ఫొటో తీయడం అయిపోగానే తాళంచెవి ఆయన జేబులోకి వెళ్లిపోయింది. ఆమె మాత్రం ఆ సంబరంలో డ్రైవింగు నేర్చుకుని, మొదటి ప్రయత్నంలోనే పరీక్ష నెగ్గింది. రివర్సు ఇంత ఒద్దికగా చేసినవాళ్లు అరుదని పరీక్షాధికారి మెచ్చుకున్నాడు కూడా. తొమ్మిదేళ్లయింది. ఎప్పుడు అడిగినా శ్రీవారిది ఒకటే మాట: "నీకెందుకు శ్రమ?"

ఇప్పుడు తొందరంతా ఎందుకంటే, శ్రీవారు తమ ఫ్యాక్టరీలో రోడ్డు భద్రతా విభాగానికి పెద్ద. వచ్చే గురువారం ఆయనకు 'ఆదర్శ చోదకుడు' పతకం ఇస్తున్నారు. ఇంట్లో ఉన్న వాహనం మీద పాత జరిమానాలేవీ ఉండకూడదన్నది షరతు.

"వెళ్లి, నేనే నడిపానని సంతకం పెట్టు. డబ్బు నేను కడతానులే."

"అప్పుడు నా లైసెన్సు?"

"ఏడాదిపాటు రాదు. అయినా నీకు లైసెన్సుతో పనేముంది? నువ్వు నడపవు కదా!"

"నడపనిదాన్ని పదకొండుసార్లు ఎలా పట్టుబడ్డానండీ?"

శ్రీవారు భద్రతా విభాగపు గొంతు అందుకున్నారు. "చట్టం దృష్టిలో వాహన యజమానురాలివి నువ్వు. బాధ్యతనుంచి పారిపోకూడదు!"

"సంతకమే కదమ్మాయ్, పెట్టేయ్," అన్నారు అత్తగారు. "వాడికి పతకమొస్తుంది."

"మరి అమ్మకేమొస్తుంది, నానమ్మా?" అంది కాలేజీకి తయారవుతున్న కూతురు.

"పతకం వచ్చినవాడి పెళ్లామని పేరొస్తుంది!"

శ్రీవారు అప్పటికే కాగితాలు ముందేసుకున్నారు. ఫ్యాక్టరీ గోడలమీది హెచ్చరికలన్నీ ఆయన రచనలే. కలం పట్టుకుంటే ఒక పట్టాన ఆగదు. భార్య తరఫున క్షమాపణ పత్రం నాలుగు పేజీలు వచ్చింది.

రవాణా కార్యాలయంలో కౌంటరు ముందు కుర్చీలన్నీ ఒకే ఇనుపకడ్డీకి బిగించి ఉన్నాయి. ఒకరు కాలు ఊపితే అయిదుగురు ఊగుతున్నారు. గంటన్నర ఊగాక ఆమె వంతు వచ్చింది. కౌంటరులో ఉన్న కళ్లజోడు అమ్మాయి క్షమాపణ పత్రం తీసుకుని శ్రద్ధగా చదవసాగింది.

"మూడో జరిమానా... 'పై అధికారితో ఫోనులో అత్యవసర చర్చలో ఉండి ఎర్రదీపం గమనించలేదు.' మీ పై అధికారి ఎవరమ్మా?"

ఆమె ఆలోచించింది. "మా అత్తగారు. కానీ ఆవిడ ఫోను చేయరు. హాల్లోంచే కేకేస్తారు."

"ఏడోది... 'టై బిగించుకునే తొందరలో వేగం హద్దు మీరింది.' మీరు టై కట్టుకుంటారా?"

"ఇంతవరకూ లేదు."

"చివర్లో 'స్త్రీ సహజమైన తొందరపాటును మన్నించగలరు' అని ఉంది. ఎవరు రాశారమ్మా ఇది?"

"మావారు. సొంత దస్తూరీ."

అమ్మాయి కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పింది. పదకొండు ఫొటోలు. పదకొండింటిలోనూ స్టీరింగు వెనక శ్రీవారే. తొమ్మిదోదాంట్లో ఆయన చెవి దగ్గర ఫోను ఉంది. పక్కసీట్లో ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"నిద్రపోతూ, పక్కసీట్లోంచి నడిపారన్నమాట!"

"ఇంట్లో అలాగే నిర్ణయించారమ్మా."

అమ్మాయి రెండు కాగితాలు ముందుకు తోసింది. "ఇది 'నేనే నడిపాను'. దీనిమీద సంతకం పెడితే ఏడాది ఆగి, మళ్లీ పరీక్షకు రావాలి. ఇది 'నడిపింది వేరొకరు'. వాళ్ల పేరు రాస్తే మీ లైసెన్సు ఇప్పుడే ఇచ్చేస్తాం."

"మొదటిదానిమీద పెట్టాక, అది అబద్ధమని తేలితే?"

"అది ఇంకో నేరం. దానికి వేరే కౌంటరుంది."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకోబోయింది. వరస మొత్తం కదిలింది. లేచి నిలబడి కలం అడిగింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక శ్రీవారు గురువారం ఉపన్యాసం వల్లె వేస్తున్నారు. "భద్రత అన్నది మన ఇంటినుంచే మొదలవ్వాలి! ఏమోయ్, సంతకం పెట్టావా?"

"పెట్టానండీ."

"శభాష్! చూశావా అమ్మా, కోడలు!"

ఆమె అందరికీ మంచినీళ్లు పోసి, తనూ కూర్చుంది. "రెండో కాగితం మీద పెట్టాను. పదకొండూ మీ పేరుకి మారాయి. మీరు రాసిన క్షమాపణ పత్రం కూడా జతచేసుకున్నారు. ఇంత వివరంగా ఒప్పుకున్నవాళ్లు లేరట. మీ లైసెన్సు ఏడాది ఆగింది."

శ్రీవారి నోట్లోంచి ఉపన్యాసం పోయింది. "నా పరువు! నా పతకం! గురువారం దాకా ఈ సంగతి ఎవరికీ చెప్పకండి! అమ్మా, నువ్వైనా చెప్పవే దీనికి!"

అత్తగారు కొడుకుని తేరిపార చూశారు. "ఒరేయ్, నువ్వు కారు నడుపుతున్నంతసేపూ నేను వెనక కూర్చుని కళ్లెందుకు మూసుకుంటాననుకున్నావు? భక్తితోనా?"

కూతురు పకపకా నవ్వింది. ఇల్లాలు నవ్వలేదు. గొంతు పెంచలేదు. రేపటి కూర సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"సాయంత్రం డ్రైవింగు స్కూలుకి వెళ్లి గంటసేపు నడిపి చూసుకున్నాను. చెయ్యి మరిచిపోలేదు. రేపటినుంచి కారు నేను నడుపుతాను. సరిగ్గా ఎనిమిదింటికి బయల్దేరతాను. వచ్చేవాళ్లు ఆలోపు తయారవ్వండి."