హంస పెన్ను

ఆ రోజు పొద్దున్న పెన్నుల మేస్త్రి పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా హంస పెన్ను ముగించి నర్సమ్మ చేతిలో పెట్టెయ్యాలి. వాళ్ల డాక్టరుగారి పుట్టినరోజుకి ఆసుపత్రిలో వాళ్లంతా కలిసి చేయిస్తున్న పెన్ను అది. ఏం డాక్టరో మేస్త్రి అడగలేదు. నల్లటి చేవకర్రను తరిమెన మీద తిప్పి నున్నగా తీశాడు. సన్నటి ఇత్తడి తీగతో హంస మెడ పొదిగాడు, ఎర్రకర్ర పలుకుతో ముక్కు పెట్టాడు. ఇక ఒళ్లు మిగిలింది. ముత్యపుచిప్ప ముక్కలు ఎన్ని మార్చి చూసినా హంస కామెర్లు వచ్చినదానిలాగే ఉంది.

విసుగేసి స్నానానికి వెళ్లి వచ్చేసరికి పనిబల్ల మీద చిన్న కాగితం పొట్లం కనిపించింది. విప్పితే లోపల ఒక ముక్క, తెల్లగా, నిగనిగలాడుతూ. చిప్పలమ్మే అతను నమూనాకి వదిలి వెళ్లాడనుకున్నాడు. వెనకవైపు ఆకురాయితో చదును చేసి, గాడిలో కూర్చి, జిగురు పోసి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది మెరుగు పెట్టాడు. హంస అప్పుడే నీళ్లలోంచి లేచినట్టు తయారైంది. నర్సమ్మ వచ్చి చూసి మురిసిపోయి పట్టుకెళ్లింది.

అది చిప్ప కాదు. మామగారి ముందుపన్ను.

పక్కవీధిలో ఉండే మామగారు తెల్లవారుతూనే బాదంకాయ పంటితో పగలగొట్టబోతే కట్టుడు పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. గట్టివి కొరకొద్దని పళ్ల డాక్టరు అప్పటికే గట్టిగా చెప్పి ఉన్నాడు కాబట్టి అక్కడికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. సాయంత్రం పాత ఉద్యోగుల సభలో ఉపన్యాసం ఉంది. అల్లుడి జిగురు మీద ఆయనకి అపారమైన నమ్మకం. పొట్లం బల్ల మీద పెట్టి, చూస్తే అల్లుడికే అర్థమవుతుందిలే అనుకుని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని హాల్లో కూర్చున్నారు. కట్టుడు పన్ను సంగతి ఆయన కూతురికి కూడా తెలియదు మరి.

కూతురు కాఫీ ఇస్తే తల అడ్డంగా ఊపారు. ఏమైందని అడిగితే పనిగది వైపు చూసి నిట్టూర్చారు. ఆవిడకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"మా నాన్నని ఏమన్నారు?" అంది పనిగది గుమ్మంలో నిలబడి.

"నేనా? ఇవాళ ఆయన మొహమే చూళ్లేదు."

"చూడకపోతే నొచ్చుకోరూ?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వెళ్లి పలకరించాడు. మామగారు కళ్లెగరేసి వేలితో నోరు చూపించారు. నోరు మూసుకోమంటున్నారని అల్లుడు గ్రహించాడు. కోపం చిన్నది కాదన్నమాట. దేనికా అని లోపల వెతుక్కుంటుంటే, కిందటేడు ఆయన మనసుపడి ఇచ్చిన పడక్కుర్చీ గుర్తొచ్చింది.

"కుర్చీ సంగతి మీ దాకా వచ్చిందన్నమాట," అన్నాడు తల దించుకుని. "దాని చెయ్యి విరగలేదండీ. నేనే కోశాను. అంత చక్కటి చారల కర్ర ఇంకెక్కడా దొరకలేదు. పెన్నులైపోయింది."

"నాతో చెద పట్టిందన్నారు?" అంది భార్య వెనకనుంచి.

మామగారి చేతిలో రుమాలు జారిపోయింది. నోరు తెరుచుకుంది. పళ్లవరస నడిమధ్య తలుపు తీసి పెట్టినట్టు ఒక ఖాళీ.

"కుర్ఫీ ఫంగతి ఫరవాత," అన్నారాయన. "పొట్లంలో పన్ను పెట్టాను. అంటింఫావా?"

మేస్త్రి మొహంలో రంగు మెల్లిగా దిగిపోయింది. "అంటించానండీ."

"ఏదీ?"

"హంసకి."

ఆ తరవాత ముగ్గురూ చెప్పులు ఎవరివి ఎవరు వేసుకున్నారో చూసుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తారు. గేటు మీద ఇంతేసి పళ్లతో నవ్వుతున్న బొమ్మ చూసి మామగారు అక్కడే ఆగిపోయారు. ఆ పన్ను కట్టిన డాక్టరు ఈ ఆసుపత్రి ఆయనేనట. కూతురు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

లోపల కేకు ఎవరూ ముట్టుకోలేదు. డాక్టరుగారు భూతద్దం కింద పెన్ను పట్టుకుని చూస్తున్నారు.

"ఈ పన్ను నేను చేసిందే," అన్నారు నెమ్మదిగా.

నర్సమ్మ గోడకి ఆనుకుంది. మేస్త్రి చేతులు జోడించి, పొట్లం దగ్గర మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. మామగారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అంతా విని డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇన్నేళ్లుగా చేస్తున్నానండీ. చేసిందల్లా జనం నోట్లో దాచుకోవడమే. ఒక్కళ్లు కూడా బాగుందని పైకి చూపించలేదు. మీరు దాన్ని హంసని చేశారు."

ఇక పెన్ను వెనక్కి అడగడానికి ఎవరికి నోరొస్తుంది? ఆయన దాన్ని భద్రంగా జేబులో పెట్టుకుని, మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, బాదంకాయ ఊసైనా ఎత్తకుండా అప్పటికప్పుడు ఒక కొత్త పన్ను బిగించి పంపించారు.

ఆ సాయంత్రం సభలో మామగారు ఒక్క అక్షరం పొల్లుపోకుండా, మధ్యలో మంచినీళ్లు కూడా తాగకుండా, కుర్చీలు సర్దేవాళ్లు వచ్చి నిలబడేదాకా మాట్లాడారు. డాక్టరుగారు ఆ పన్నేదో మర్నాడు కట్టి ఉంటే బాగుండేదని వెనకవరసలో కూర్చున్న కూతురూ అల్లుడూ అనుకున్నారట.