ఏ పనీ చేయని సందర్శకులు కావలెను

మానవజాతి ఇంతవరకూ కనిపెట్టినవాటిలో హాజరు పట్టికను మించినది లేదు. నిప్పు, చక్రం, రైలు ఇవన్నీ దాని తర్వాతే. మనిషి వచ్చాడని కళ్లారా చూసినవాళ్లు వందమంది చెప్పినా చెల్లదు. గడిలో సంతకం ఉంటే మాత్రం మనిషి రాకపోయినా చెల్లుతుంది. ఈ సంగతి గ్రహించని ఊళ్లకు చరిత్ర ఉంచుకునే అర్హత లేదని సాంస్కృతిక ప్రాంగణాల వినియోగ శాఖవారి నిశ్చితాభిప్రాయం.

ఆ శాఖవారి మూడు గదుల్లో ఒక మ్యూజియం ఉండేది. ఊరి చరిత్ర మ్యూజియం. పూర్వం అది తూనికల ఆఫీసు. జీతం తీసుకునేవాడు అందులో ఒక్కడూ లేడు, అందరూ వాలంటీర్లే. ఊరి గడియారం పాత ముళ్లు, బస్సు కండక్టరు తోలు సంచి, మూతపడ్డ సినిమా హాలు టికెట్ల కిటికీ, ఎవరివో తెలియని పెళ్లి ఫొటోలు, ఇలాంటి ఆరువందల పన్నెండు వస్తువులు అక్కడుండేవి. వాటన్నిటిలోకీ పెద్దది పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి బల్ల. నిలువెత్తు చెక్క, నూట డెబ్బై రంధ్రాలు, వాటిలో గుచ్చే తీగలు.

ఆ బల్ల ముందు ఇరవై తొమ్మిదేళ్లు కూర్చున్న మనిషిని ఊరంతా ఆపరేటరమ్మ అంటుంది. దీపం వెలిగిన రంధ్రంలో తీగ గుచ్చి ఊరిని ఊరితో కలిపిన చెయ్యి ఆవిడది. ఎవరింట్లో పిల్ల పుట్టినా, ఎవరు పోయినా, ఇంటివాళ్లకన్నా అరనిమిషం ముందు తెలిసేది ఆవిడకే (ఒక్కమాట బయటికి పొక్కలేదు; ఈ కాలంవాళ్లకు ఇది నమ్మశక్యం కాదు). ఎక్స్ఛేంజిలోకి కొత్త యంత్రాలొచ్చాక బల్లను తుక్కు కింద పగలగొడతామంటే, కాళ్లావేళ్లా పడి తోపుడుబండి మీద మ్యూజియానికి తెచ్చుకుంది. అది ఆవిడ ఇంటి గుమ్మంలో పట్టదు. ఆ మూడు గదులూ పోతే దానికి తుక్కు కొట్టే గతి. అందుకే ఆవిడ మ్యూజియానికి కార్యక్రమాల కార్యదర్శి అయింది, అందుకే ఆ ఉత్తరం చూసి ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఉత్తరం ఇదీ: "ఈ నెలాఖరులోగా ప్రజా కార్యక్రమములు నిర్వహించి, ఇరవై అయిదుగురు సందర్శకుల సంతకములు సమర్పించనిచో, ప్రాంగణము శాఖవారి విరిగిన కుర్చీల భద్రత నిమిత్తము స్వాధీనపరచుకొనబడును. సందర్శకుడు అనగా చూచుటకు వచ్చి, చూచి, ఏ పనియు చేయక వెళ్లిపోవు వ్యక్తి. సంతకము వెళ్లునప్పుడు తీసుకొనవలెను. వాలంటీర్ల సంతకములు చెల్లవు."

"ఓస్, ఇంతేనా?" అన్నారు మ్యూజియం అధ్యక్షులవారు. ఆయన ముప్పై రెండేళ్లు సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. "ఏ పనీ చెయ్యనివాళ్లు ఊళ్లో ఇరవై అయిదుమంది దొరకరా, ఆపరేటరమ్మా? వీధికి పాతికమంది!"

ఆవిడ కూడా అలాగే అనుకుంది. పాపం, ఇద్దరూ తమ ఊరిని తక్కువ అంచనా వేశారు.

మొదటి ఆదివారం "ఈ ఫొటోలో ఉన్నదెవరు?" అనే కార్యక్రమం పెట్టారు. పదకొండుమంది వచ్చారు. ఆపరేటరమ్మ గుమ్మం దగ్గర రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, వెయ్యి కళ్లతో ఎదురుచూస్తూ కూర్చుంది. లోపల గడియారాలు బాగుచేసే ఆయన గోడగడియారం ముందు ఆగాడు. అది ఎనిమిదేళ్లుగా నాలుగూ పదికి నిలబడిపోయి ఉంది. ఆయన ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. మూడో నిమిషానికి ఆయన చేతులు ఆయన మాట వినలేదు. స్టూలెక్కి గడియారం దింపి వీపు విప్పేశాడు.

మాస్టారు పరుగెత్తుకొచ్చారు. నియమావళిలో పద్నాలుగో నియమం ఒకటుంది: ప్రదర్శన వస్తువులను వాలంటీర్లు తప్ప అన్యులు ముట్టరాదు.

"చూడు నాయనా," అన్నారాయన ఎంతో శాంతంగా. "అన్యుడు ముడితే నియమం ఉల్లంఘించినట్టు. మన మ్యూజియంలో ఇంతవరకూ ఉల్లంఘన అన్నది జరగలేదు. నువ్వేమో ముట్టావు. కాబట్టి నువ్వు వాలంటీరువి." అని గడియారాల ఆయన జేబుకు బ్యాడ్జి గుచ్చి, గడియారాల ఉపసంఘానికి కన్వీనర్ని చేశారు. తర్కంలో ఎక్కడా దోషం లేదు. గడియారం కూడా నడవడం మొదలుపెట్టింది.

ఈలోగా రిటైరైన పోస్టుమాన్ ఒకాయన పెళ్లి ఫొటోలో పదిహేనుమందిని గుర్తుపట్టి, వెనక పెన్సిలుతో పేర్లు రాసేశాడు (ఇద్దరి ఇంటి నంబర్లు కూడా). గుర్తింపు ఉపసంఘం. మిగతా తొమ్మండుగురూ ఆ ఫొటో ఇటివ్వు, ఈ ఫొటో అటివ్వు అంటూ చేతులు మార్చుకున్నారు. సాయంత్రానికి బ్యాడ్జీలు పదకొండు, సంతకాలు సున్నా.

"మాస్టారూ, ఇలా అయితే మొదటికే మోసం!" అంది ఆపరేటరమ్మ.

"సంస్థ ఎదుగుతోందమ్మా," అన్నారాయన, కళ్లు చెమ్మగిల్లుతుండగా.

రెండో ఆదివారం "మన పాత పనిముట్లు" జరిగింది. ఆపరేటరమ్మ ఈసారి గదుల మధ్య తాడు కట్టించి, వచ్చిన ప్రతివాళ్లకీ దణ్ణం పెట్టి మరీ చెప్పింది: "బాబ్బాబు, ఏమీ చెయ్యకండి. చూసి, వచ్చిన దారినే వెళ్లిపోండి."

ఇంతకన్నా అవమానం ఇంకోటుందా చెప్పండి? పిలిచి పీట వేసి చేతులు కట్టేసుకోమంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? "కనీసం కుర్చీలైనా వెయ్యనివ్వండమ్మా," అని నలుగురు బతిమాలారు (కుర్చీలేమీ ప్రదర్శన వస్తువులు కావు. కానీ వాటిలో ఒకటి పాత తూనికల అధికారి కూర్చున్నదని జాబితాలో తేలింది. కుర్చీల ఉపసంఘం). తాడు వదులుగా ఉందని ఒకాయన బిగించాడు. తాడు కూడా పాతదే. కండక్టరు సంచికి కుట్టు ఊడిందని దర్జీ ఇంటికెళ్లి సూదీ దారం తెచ్చుకున్నాడు. రంపానికి పదును పోయిందని వడ్రంగి కంటతడి పెట్టినంత పని చేశాడు. ముప్పై ఎనిమిది బ్యాడ్జీలు ఖర్చయ్యాయి. చివరికి బ్యాడ్జీలు తయారుచెయ్యడానికి ఒక ఉపసంఘం వేశారు, అందులో ఏడుగురు చేరారు.

మూడో వారానికి ఊరు పూర్తిగా చెయ్యి దాటిపోయింది. కార్యక్రమాలు నిర్వహించేవాళ్లు నూట అరవై రెండుమంది, చూడ్డానికి వచ్చినవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురికీ మ్యూజియం చూపించడానికి నూట అరవై రెండుమంది ఎగబడ్డారు. తొక్కిసలాటలో ఒక ఫొటో కింద పడబోతే ముగ్గురూ ఒకేసారి పట్టుకున్నారు. మాస్టారు చప్పట్లు కొట్టారు.

ఆపరేటరమ్మకు ఇక దింపుడు కళ్లం ఆశే మిగిలింది. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, "మీలో పాతికమంది బ్యాడ్జీలు తీసేసి, బయటివాళ్లలా ఒక్కసారి చూసి సంతకం పెట్టి పొండి. మళ్లీ వచ్చే నెల చేరుదురుగాని," అంది.

గడియారాల ఆయన లేచి, "అక్కా, మా ఇంట్లో నన్నెవరూ ఏ పనికీ పిలవరు. ఇక్కడ మూడు ఆదివారాల నుంచీ నేను కన్వీనర్ని. ఇప్పుడు నన్ను బయటివాణ్ని చేస్తావా?" అన్నాడు. అందరూ బ్యాడ్జీల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆపరేటరమ్మకు కోపం రావలసింది పోయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంత మంచి మనుషుల్ని పెట్టుకుని ఆ బల్లను ఎలా కాపాడుకోవడమో ఆవిడకు అర్థం కాలేదు.

మర్నాడే శాఖ కార్యాలయానికి పరుగెత్తింది. అక్కడ సందర్శకుల గణన అధికారి ఉన్నాడు. మనిషి మెత్తన. అంతా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, పాతికమంది సంగతి పైవాళ్లతో నేను చూసుకుంటాను. ఒక్కరు చాలు. ఒక్కరున్నా అంకె వేస్తాను. సున్నా మాత్రం వెయ్యలేను. మా ఫారంలో సున్నాకు గడి లేదు."

ఒక్క మనిషి! కానీ ఊళ్లో బ్యాడ్జి లేనిది ఇక ఒక్కరే: ఆపరేటరమ్మ ఆడపడుచు. పక్కవీధిలోనే ఇల్లు. పదకొండేళ్లుగా మ్యూజియం గుమ్మం తొక్కలేదు. "ఆదివారం ఆదివారం ఇల్లొదిలేసి ఆ పాత సామాన్ల కొట్లో ఏం చేస్తావు వదినా?" అని ఎత్తిపొడవని రోజు లేదు.

"నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు," అని గడ్డం పట్టుకుంది ఆపరేటరమ్మ. "చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు చుట్టి రా. ఒక్క సంతకం. నా బల్ల బతుకుతుంది."

"చేతులు వెనక్కి కట్టుకోవడం మా అత్తగారే నేర్పలేకపోయింది, నువ్వు నేర్పుతావా?" అంది ఆడపడుచు. కానీ ఒప్పుకుంది. పదకొండేళ్లలో వదిన తనను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

నెలాఖరు ఆదివారం "అందరూ రండి, అంతా చూడండి" కార్యక్రమం. నూట అరవై అయిదుమంది వాలంటీర్లు గోడలకు అంటుకుపోయి ఊపిరి బిగబట్టారు. గణన అధికారి రిజిస్టరు దగ్గర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఆడపడుచు చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి అడుగుపెట్టింది.

మొదటి గది దాటింది. ఒక ఫొటో వంకరగా ఉంది. ఆవిడ పళ్లు బిగించి ముందుకు నడిచింది. జనం నిట్టూర్చారు. రెండో గది దాటింది. బల్లమీద నీళ్ల మరక ఉంది. ఆవిడ భుజాలు ఎగిరాయి, కానీ చేతులు విడలేదు. "ఇంకొక్క గది, ఇంకొక్క గది," అని వడ్రంగి నోట్లోనే గొణిగాడు. గణన అధికారి కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మూడో గదిలో ఎక్స్ఛేంజి బల్ల ఉంది. దాని ముందు ఆడపడుచు ఆగిపోయింది. నూట డెబ్బై రంధ్రాల అంచులంటా సన్నటి దుమ్ము. ముందు ఒక చిన్న స్టూలు, దాని మీద తోలు అరిగి ఒక మనిషి కూర్చున్న గుంట.

"ఇదేనా వదినా నువ్వు కూర్చున్నది?"

"అదే. ముందుకు నడువమ్మా, నీకు పుణ్యముంటుంది."

"మా అన్నయ్య ఆస్పత్రిలో ఉన్న రాత్రి నాకు కబురు కలిపింది ఇక్కణ్నుంచేనా? ఆ రాత్రి నీ గొంతు వణకలేదు. పొరుగువాళ్ల ఫోనులో నేనే విన్నాను." ఆవిడ చేతులు విడిపోయాయి. "ఇలా దుమ్ముకొట్టుకుపోతుంటే, చేతులు కట్టుకుని చూస్తూ పొమ్మంటావా నన్ను? నీకు మతి ఉందా?"

చేతిరుమాలు తీసి, ఒక్కో రంధ్రం చుట్టూ తుడవడం మొదలుపెట్టింది. ఆపరేటరమ్మ ఆపలేదు. ఆపవలసిన మనిషి ఆడపడుచు పక్కనే నిలబడి, తన రుమాలు కూడా తీసింది. పదకొండేళ్లలో అంత సంతోషం ఆవిడ ఎరగదు. అంత దిగులూ ఎరగదు.

మాస్టారు వెక్కుతూనే వచ్చి ఆడపడుచుకు నూట అరవై ఆరో బ్యాడ్జి గుచ్చారు. నియమం నియమమే కదా.

గణన అధికారి ఫారం తీశాడు. సున్నాకు గడి లేదు కాబట్టి "వర్తించదు" అని రాశాడు. పై ఆఫీసులో దాన్ని మ్యూజియం ఎవరికీ వర్తించదని చదువుకుని, వారం తిరక్కుండా గదులు స్వాధీనం చేసుకున్నారు. బ్యాడ్జీలు రద్దయ్యాయి. విరిగిన కుర్చీలు లారీలో దిగాయి.

అయితే అక్కడ విరిగిన కుర్చీలు తప్ప మరేదీ ఉంచకూడదని ఉత్తర్వు. గణన అధికారి మెత్తన మనిషి అని చెప్పాను కదా, ఆరువందల పన్నెండు వస్తువులనూ స్వయంగా జాబితాకు ఎక్కించాడు: "గడియారపు ముళ్లు: వీపు లేని కుర్చీలు, రెండు. తోలు సంచి: మడత కుర్చీ, ఒకటి. ఎక్స్ఛేంజి బల్ల: నిలువు కుర్చీ, తీగలు కలది, ఒకటి." చరిత్రగా ఉన్నన్నాళ్లూ వాటికి కాపలా మనిషి లేడు. కుర్చీలు అయ్యాక ముగ్గుర్ని వేశారు.

ఆదివారం పొద్దున్నే ఆపరేటరమ్మ వెళ్లింది. కాపలాదారు రిజిస్టరు ముందుకు తోశాడు. "సంతకం పెట్టండమ్మా. లోపలికి రాకూడదు. ఏదీ ముట్టకూడదు. గుమ్మంలోంచి చూసి వెళ్లిపోండి."

ఆవిడ సంతకం పెట్టింది. కుర్చీ కాళ్ల సందుల్లోంచి బల్ల మూల ఒకటి కనిపించింది. తుడిచిన చోటు ఇంకా మెరుస్తూనే ఉంది. అదే చాలనిపించి ఇంటికొచ్చి ఆడపడుచుకు చెప్పింది. మధ్యాహ్నం ఆడపడుచు వెళ్లింది. మర్నాడు గడియారాల ఆయన, ఆ వెనక వడ్రంగి, దర్జీ, పోస్టుమాన్, మాస్టారు. అందరూ వచ్చారు, చూశారు, ఏ పనీ చేయకుండా వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి సంతకాలు ఆరువందలు దాటాయి.

రిజిస్టరు పై ఆఫీసుకు చేరింది. అక్కడ ఆశ్చర్యం, ఆనందం, ఆపైన ఉత్తర్వు: "విరిగిన కుర్చీలకు లభించిన అనూహ్య ప్రజాదరణ దృష్ట్యా మరి నలభై కుర్చీలు మంజూరు చేయడమైనది. స్థలాభావము వలన, ఎక్కువ చోటు ఆక్రమించుచున్న నిలువు కుర్చీ ఒకదానిని (తీగలు కలది) తుక్కు కింద తొలగించవలెను. ఈ విస్తరణకు కారకులైన సందర్శకులకు, ముఖ్యముగా మొదటి సంతకము చేసిన మహిళకు, శాఖ తన కృతజ్ఞతలు తెలియజేయుచున్నది."