ఒరిగిన చెట్టుకు అత్యవసర అనుమతి

ఆ పొద్దున ఫోటోగ్రాఫరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరటి వెనక ఎండిపోయి నిలబడ్డ సరుగుడు చెట్టును ఫోటో తీయడం, దాన్ని అర్జీకి జతచేసి తీరభూముల కార్యాలయంలో ఇచ్చేయడం, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరి భోంచేసి ఒక కునుకు తీయడం. ఆదివారం కూతురు పసిబిడ్డను తీసుకుని వస్తోంది. మనవరాలిని ఆయనా ఆయన భార్యా ఇంతవరకు ఫోన్లోనే చూశారు. తల్లీబిడ్డలకు ఇవ్వడానికి ఉన్నది వెనక గది ఒక్కటే, ఆ గది నెత్తిమీదికే చెట్టు ఒరిగి ఉంది. పైగా గాలుల రోజులు. చెట్టు తీసేస్తే తప్ప బిడ్డను ఆ గదిలో పడుకోబెట్టేది లేదని భార్య తెగేసి చెప్పింది.

చెట్టు సామాన్యమైనది కాదు. ఇంటికీ సముద్రానికీ మధ్య గట్టు అంచున ఉండేది. చచ్చి ఏళ్ళయింది. బెరడంతా ఊడిపోయి, ఉప్పుగాలికి తెల్లబడి, చివర చూద్దామంటే మెడ పట్టేసేంత ఎత్తున నిలబడింది. దాని కిందికి వస్తే ఎంతటి వాగుడుకాయకైనా గొంతు తగ్గేది. ఫోటోగ్రాఫరుకు దాన్ని చూస్తే భయమూ భక్తీ కలిసికట్టుగా వచ్చేవి. ఏటేటా అది ఇంటి మీదికి మరికాస్త వంగుతోందని ఆయన నమ్మకం. వరండాలో కూర్చుని చూసిన వాళ్ళెవరూ కాదనలేదు.

సముద్రపు ఒడ్డున ఎండుకొమ్మ విరవాలన్నా అనుమతి కావాలి. మామూలు అనుమతికి నెలలు పడుతుంది. ప్రాణాపాయం ఉందని ఫోటోతో రుజువు చేస్తే మాత్రం అత్యవసర అనుమతి చకచకా వచ్చేస్తుంది. ఫోటోల దగ్గర ఆయనతో ఎవరూ పోటీ పడలేరు. ఆయన స్టూడియోలో వంకర ఫోటో అన్నది పుట్టి ఎరగదు. ముందు ఏదో ఒక గోడ అంచును చట్రం అంచుతో కలపాలి, తర్వాతే బటన్ నొక్కాలి, అదీ ఆయన సూత్రం. ఆ రోజు కూడా పక్కకు వెళ్ళి నిలబడి, ఇంటి గోడను చట్రంతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపి నొక్కాడు.

ఆ ఫోటో చూసి కార్యాలయంలో గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. చెట్టు ఇంటి మీద పడబోతోంది, సరే. దాని వెనక సముద్రం కూడా ఏటవాలుగా లేచి, ఇంటి మీదికి ఒలికిపోయేలా ఉంది.

"ఇదేంటండీ, సముద్రం ఇలా ఉంది?" అన్నాడు.

ఫోటోగ్రాఫరు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. నిజమే. తన ఫోటో అబద్ధం చెప్పదు కనుక సముద్రమే ఏదో చేస్తోందని మనసులో తీర్మానించుకున్నాడు. తెలియదంటే బాగుండదని, "ఈమధ్య అలాగే ఉంటోందండీ," అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో ఫోటోకు కాళ్ళొచ్చాయి. గుమాస్తా బల్ల మీంచి పై అంతస్తుకు, అక్కణ్ణుంచి తీర రక్షణ విభాగానికి వెళ్ళి, గోడంత పెద్దదై తెర మీదికెక్కింది. చూసిన వాళ్ళంతా టీలు చల్లారబెట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డారు. అలాంటి సముద్రాన్ని వాళ్ళ ఉద్యోగాల్లో ఎవరూ చూడలేదు. ఆ గది కిటికీలోంచి అసలు సముద్రం కనిపిస్తూనే ఉంది గానీ, అటు ఎవరూ తల తిప్పలేదు.

సాయంత్రానికి వీధి రెండు చివరలా తాళ్ళు కట్టేశారు. పక్కింటి నర్సుపిన్నిని పిల్లితో సహా వ్యానెక్కించారు. ఊళ్ళో సగం మందికి పురుళ్ళు పోసిన మనిషి ఆవిడ, ఒకరు చెబితే వినే రకం కాదు. అయినా ఫోటో చూపించేసరికి కిక్కురుమనకుండా ఎక్కి కూర్చుంది. చెట్టు తీసేటప్పుడు అర్జీదారు ఎదురుగా ఉండాలన్నది నియమం కనుక ఫోటోగ్రాఫరునూ భార్యనూ మాత్రం ఇంట్లోనే ఉంచారు. అంతమంది భయపడుతుంటే తాను తీసిన ఫోటో చూసి ఫోటోగ్రాఫరుకూ చెమటలు పట్టాయి.

భార్య కూతురికి ఫోన్ చేసింది. "ఇప్పుడు రావద్దులేమ్మా. అంతా సర్దుకున్నాక చూద్దాం," అని పెట్టేసి, వెనక గదిలో మంచం మీద కూర్చుని, కుట్టి ఉంచిన బుల్లి చొక్కాలను విప్పుతూ మడతపెడుతూ ఉండిపోయింది. ఫోటోగ్రాఫరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయనకు దుఃఖంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే క్రేను, రంపాల వాళ్ళు, చేతిలో అత్యవసర అనుమతితో తనిఖీ అధికారిణి దిగారు. చెట్టును ఎటు పడేయాలో తేలాలంటే అది ఎంత ఒరిగిందో కొలవాలి. తాపీమేస్త్రీలు గోడలకు వేలాడదీసే బరువు కట్టిన దారం తీసి, నిచ్చెనెక్కి, చెట్టు మానుకు వేలాడదీసిందావిడ. దారం చెట్టు వెంబడే బుద్ధిగా కిందికి దిగింది. అటుపక్క వేసింది. అటూ అంతే.

ఆవిడ ఇంటి దగ్గరికి నడిచి, సముద్రం వైపు గోడకు వేసింది. పైన గోడకు తాకుతూ మొదలైన దారం, కిందికొచ్చేసరికి గోడకు మూరెడు దూరంలో ఊగింది.

"చెట్టు నిటారుగానే ఉందండీ. మీ ఇల్లే సముద్రం వైపు ఒరిగింది," అంది.

ఒరిగిన గోడను చట్రంతో కలిపి తీశాడు కనుకే ఫోటోలో సముద్రం ఒరిగింది. ముందుగా తేరుకున్నది భార్య. ఇంట్లో ప్రతి మంచం కోడు కిందా, ప్రతి బల్ల కాలు కిందా తాను పెడుతూ వచ్చిన చెక్కముక్కలు ఆవిడకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అయ్యో, కోళ్ళు సమంగా చేయలేదని ఆ వడ్రంగిని ఎన్ని తిట్లు తిట్టానండీ," అంది.

అధికారిణి గట్టు దిగి చూసి పైకొచ్చింది. ముఖంలో రంగు మారిపోయింది. కింద మట్టి ఎప్పుడో కొట్టుకుపోయిందట. మనిషి నడుమంత లావున్న ఆ చెట్టు వేళ్ళే గట్టునూ, ఇంటి పునాదినీ కలిపి పట్టుకుని ఉన్నాయట.

"మరి చెట్టు కొట్టేసుంటే?" అని ఫోటోగ్రాఫరు మెల్లగా అడిగాడు.

ఆవిడ సముద్రం వైపు చూపించింది. అందరూ తలలెత్తారు. క్రేను నడిపేవాడు దిగొచ్చి టోపీ తీశాడు. ఆ తెల్లటి మాను ఆకాశంలోకి అలా లేచి ఉంది, చచ్చి ఇన్నేళ్ళయినా ఒక సంసారాన్ని మోస్తూ. రోజూ దాన్ని చూసి భయపడ్డ ఫోటోగ్రాఫరు ఇప్పుడు వెళ్ళి రెండు చేతులూ దానికి ఆనించి నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

చెట్టును దించడానికి తెచ్చిన ఇనుపతాడుతోనే ఇంటిని చెట్టుకు కట్టారు. ఈలోగా నర్సుపిన్ని పిల్లిని చంకలో పెట్టుకుని తిరిగొచ్చి, ఫోటోగ్రాఫరును ఆపాదమస్తకం కడిగిపారేసి, చివరికి భార్య వైపు తిరిగింది.

"అమ్మాయిని రమ్మను. నా ముందుగది ఇస్తాను. కావాలంటే దారం వేసి చూసుకోండి."

ఆదివారం బిడ్డ వచ్చింది. తిన్నగా ఉన్న మంచం మీద, కోళ్ళ కింద చెక్కముక్కలేవీ లేకుండా, తాతా అమ్మమ్మా చూస్తుండగా హాయిగా నిద్రపోయింది. అమ్మమ్మ మాత్రం ఇంకా అలవాటు పోక ఒక పక్కకు ఒరిగి నడుస్తోంది.

ఇల్లు విప్పి వెనక్కి జరిపి కట్టుకోవాలంటే దానికీ అనుమతి కావాలి, మామూలుగా అయితే నెలలు. అధికారిణి జాలిపడి, చేతిలో ఉన్న అత్యవసర అనుమతిలోనే 'ప్రమాదకరమైన ఎండు చెట్టు' అన్నచోట 'చెట్టు' అన్న మాట కొట్టేసి, 'ఇల్లు' అని రాసి సంతకం పెట్టింది. తొలగించిన ప్రతి ఒక్కదానికీ బదులుగా అదే జాతివి రెండు నాటి, వాటికి క్రమం తప్పకుండా నీళ్ళు పోయవలెనన్న షరతును మాత్రం కొట్టేయడం మరిచిపోయింది.