ఎదురు కుర్చీ

ఆ రోజు నెమ్మదమ్మ గారి పథకం చాలా సాదాసీదాది. పొద్దున కమిటీలో ఓడిపోవాలి. మధ్యాహ్నం విచారణలో గెలవాలి. మధ్యలో ఇంటికి వచ్చి భోంచేయాలి.

ఏళ్ల తరబడి గొంతు పెంచకుండానే కేసులు గెలుస్తున్న న్యాయవాది కాబట్టి తోటి వకీళ్లంతా కలిసి ఆవిడకు నెమ్మదమ్మ అని పేరు పెట్టుకున్నారు. భర్త పళ్ల డాక్టరు. ఆయనది ఎదుటివాళ్ల నోరు తెరిపించి కూడా మాట్లాడనివ్వని వృత్తి. ఆవిడది నోరు తెరవకపోతే గడవని వృత్తి. అయినా కాపురం సాఫీగా సాగుతోందంటే, ఇద్దరిలో ఎవరో ఒకరి నోరు ఎప్పుడూ సెలవులో ఉండటమే కారణం.

"ఇవాళ ఎదురు కుర్చీ నీదేనా?" అన్నాడాయన కాఫీ అందిస్తూ.

"నాదేనండీ. మిల్లు తరఫున మాట్లాడాలి."

"నీకు ఎదుటివాణ్ణి తిట్టడమే చేతకాదు. ఎదుటివాడిలా తిట్టడం కూడానా?"

"తిట్టక్కర్లేదు లెండి. కాసేపు వాదించి ఓడిపోతే చాలు. భోజనానికి వచ్చేస్తాను."

"ఓడిపోవడం నీకు అలవాటు లేదోయ్. జాగ్రత్త."

ఈ ఎదురు కుర్చీ సంగతి కాస్త చెప్పాలి. మూడు జిల్లాల మీదుగా పారే ఏటిని కాపాడటానికి ఏర్పడిన ప్రాంతీయ పర్యావరణ న్యాయవాదుల కమిటీలో నలుగురే సభ్యులు. నలుగురూ ఆదివారాలు ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకోవలసిన వయసువాళ్లు. అలాంటిది, గట్టు వెంట మోకాళ్ల దాకా బురదలో నడిచి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేవారు. న్యాయవాదులు నీళ్లు నమలడం లోకమంతా చూసిందే. నీళ్లు మోయడం మాత్రం ఇక్కడే చూడాలి!

వాళ్ల శ్రమంతా కలిసి ఒక ముసాయిదా అయింది. ఏ మిల్లు రంగు బావుల్లోకి చేరినట్టు తేలుతుందో ఆ మిల్లు తన నీటిని శుభ్రం చేశాకే ఏట్లోకి వదలాలన్నది దాని సారం. రాసింది నెమ్మదమ్మ గారే. ఆ మధ్యాహ్నం విచారణాధికారి దాన్ని ఒప్పుకోకపోతే రంగుల మిల్లుకు అనుమతి మరో పదేళ్లు పొడిగించినట్టే. దిగువ పేటలో బావిలోకి బిందె వేస్తే మరో పదేళ్లు నీలమే పైకి వస్తుంది.

ప్రతి విచారణకు ముందూ సభ్యుల్లో ఒకరు కిటికీ పక్కనున్న చేతుల్లేని కుర్చీలో కూర్చుని ప్రత్యర్థిలా వాదించాలి. మిగతావాళ్లు ఆ వాదాన్ని చీల్చి చెండాడాలి. చివర్లో చేతులెత్తి ఓటు వేయాలి. మన బలహీనత ఎక్కడుందో మనకే ముందు తెలియాలని పెట్టుకున్న పద్ధతి. ఆ కుర్చీలో కూర్చుని గెలిచినవాళ్లు అప్పటిదాకా లేరు.

నెమ్మదమ్మ గారు కూర్చున్నారు. ఎదురుగా ముగ్గురు. అధ్యక్షుడైన పెద్దాయన, ఎవరేం చెప్పినా ఒక మాట మార్చమనే సవరణ, ఏ పనికైనా ఇంకో రోజు అడిగే వాయిదా. చివరి ఇద్దరివీ అలవాట్లను బట్టి వచ్చిన మారుపేర్లే. ముసాయిదాకీ వాయిదాకీ ప్రాస కుదురుతుందే గానీ, ఆయనున్నచోట పని కుదరదని సవరణ అంటూ ఉంటాడు.

"మా మిల్లు రంగు వదలదని నేననడం లేదు అధ్యక్షా," అని ఆవిడ మెల్లగా మొదలుపెట్టారు. "వదులుతుంది. కానీ ఎగువన, పక్క జిల్లాలో, ఇంకో రెండు మిల్లులున్నాయి. వాళ్లూ నీలమే వదులుతారు, మేమూ నీలమే వదులుతాం. ఏరు మూడింటినీ కలుపుకుని పోతోంది. బావిలో తేలిన నీలం ఎవరిదని చెప్తారు? నీలానికి ఇంటిపేరు ఉంటుందా?"

గదిలో ఫ్యాను తప్ప ఎవరూ తిరగలేదు, ఎవరూ తిరగబడలేదు కూడా.

"ఏదో ఒకటి అనండి. నేను ఓడిపోవాలి కదా," అన్నారావిడ.

"ఒక సవరణ..." అని లేచిన సవరణ, ఏం సవరించాలో తోచక చొక్కా సవరించుకుని కూర్చున్నాడు.

"జవాబు చెప్పడానికి నాకు వాయిదా కావాలి," అన్నాడు వాయిదా.

"నీ ప్రశ్నకి జవాబు నువ్వే చెప్పమ్మా," అన్నాడు పెద్దాయన.

"నాకూ తెలియడం లేదండీ. నోటికొచ్చేసింది."

ఇక్కడ ఆ ముగ్గురినీ మెచ్చుకోవాలి. ఇంకెవరైనా అయితే మనసు ఒకవైపూ చెయ్యి ఒకవైపూ పెట్టేవారు. వీళ్లకు ఆ విద్య రాదు. ఓటు వేళకు మూడు చేతులూ సిగ్గుపడుతూనే మిల్లువైపు లేచాయి. కమిటీ తన ముసాయిదాను తానే ఓడించింది. మూలనున్న టైపిస్టు ఎప్పటిలాగే తీర్మానం కొట్టాడు: ముసాయిదా ఏకగ్రీవంగా ఉపసంహరణ. పెద్దాయన ఎప్పటిలాగే చూడకుండా సంతకం పెట్టాడు. అది వకీళ్ల ఫోన్ గ్రూపులోకి వెళ్లింది. అందులోంచి ఊళ్లోకి వెళ్లింది.

నెమ్మదమ్మ గారికి ఇప్పుడు కావలసింది ఒక్కటే. తన ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి కాస్త ప్రశాంతత. మెట్ల మీద కూర్చుని కళ్లు మూసుకోగానే ఫోను మోగింది.

"ఏమోయ్, మిల్లుతో కలిసిపోయావటగా?" అన్నాడు భర్త.

"లేదండీ, అది రిహార్సలు."

"ఆ ముక్క నా పేషెంటుకి చెప్పు. దిగువ పేట మనిషి. పన్ను సగం పీకానో లేదో ఫోన్ చూసుకుని, నోట్లో దూదితోనే లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ ఏదో తిట్టాడు కూడా. దూది అడ్డం రాబట్టి బతికిపోయాం!"

ఫోను పెట్టేసేసరికి ఎదురుగా పెద్ద పూలగుత్తి నిలబడి ఉంది. దాని వెనక మిల్లు యజమాని.

"అమ్మా, మీ చలవ. ఇన్నాళ్లూ మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను. మాకోసం మీరు ఏం వాదించారో నాకు తెలియదు గానీ, గెలిచారట!"

"నేను మీ మనిషిని కాదండీ."

"అంతే, పైకి అలాగే అనండి," అని కన్నుగీటి, పూలగుత్తిని ఒళ్లో పెట్టి, తన వకీలును కేకేశాడు. "చూడవయ్యా ప్లీడరూ! పొద్దున ఈవిడేం చెప్పారో కనుక్కుని అదే చెప్పు. నీ సొంత తెలివి వాడకు."

వారాల తరబడి సొంత తెలివితో తయారైన ఆ వకీలు మొహం మాడిపోయింది. "మా కేసు కూడా మీరే వాదించేస్తే మేమెక్కడికి పోవాలి మేడమ్?" అని ఆవిడమీద ఎగిరిపడి, నేరుగా సవరణ దగ్గరికి పోయాడు. సవరణ నిజాయితీపరుడు. అడిగిన పాపానికి వాదమంతా కామా పోకుండా అప్పజెప్పాడు.

అలా ఆవిడకు భోజనమూ లేకపోయింది, జవాబూ దొరకలేదు. పూలగుత్తి మాత్రం మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే విచారణ గదిలోకి వెళ్లారు. వెనక బెంచీల్లో కూర్చున్న దిగువ పేట వాళ్లు ఆ పూలను చూసి మొహాలు తిప్పుకున్నారు. ఆవిడ కళ్లు చెమర్చాయి. బావుల్లో నీళ్లు మారకముందే తన కళ్లల్లో నీళ్లు వస్తాయని ఆవిడ అనుకోలేదు.

"మీ ముసాయిదాను మీరే వెనక్కి తీసుకున్నారటగా? ఇంకా విచారణ దేనికి?" అన్నాడు అధికారి.

తను సంతకం పెట్టిన తీర్మానాన్ని పెద్దాయన అప్పుడు మొదటిసారి చదువుకున్నాడు. అప్పుడు లేచాడు సవరణ.

"అయ్యా, చిన్న సవరణ. మా కమిటీ కోరం నలుగురు. ఎదురు కుర్చీలో ఉన్నంతసేపూ ఈవిడ మా సభ్యురాలు కాదు, మిల్లు. మిల్లుకి మా కమిటీలో సభ్యత్వం లేదు. మిగిలింది ముగ్గురం. కోరం లేని తీర్మానం చెల్లదు."

జీవితంలో మొదటిసారి ఆయన సవరణ దేన్నో నిలబెట్టింది. అధికారి నవ్వు ఆపుకుని, విచారణ సాగించమన్నాడు.

మిల్లు వకీలు లేచి, పొద్దుటి వాదాన్ని ఉన్నదున్నట్టు దించేశాడు. నెమ్మదమ్మ గారు మెత్తగా అన్నదాన్ని ఆయన బల్లగుద్ది అన్నాడు, అంతే తేడా. "ఎవరి నీలమని చెప్తారు? నీలానికి ఇంటిపేరు ఉంటుందా?"

గదిలో అందరూ అధికారి మొహం చూశారు. నెమ్మదమ్మ గారు మాత్రం మిల్లు యజమాని మొహం చూశారు. వాదం గెలుస్తున్నకొద్దీ వికసించవలసిన ఆ మొహం, తన పిల్లాడిని ఎవరో అనామకుడన్నట్టు ముడుచుకుపోతోంది. ఆవిడ చేతిలోని కాగితాలు మూసేశారు. పూలగుత్తి బల్లమీద పెట్టి మెల్లగా లేచారు.

"నాదొక్కటే సందేహమండీ. అయితే వీరి నీలానికీ, ఎగువవాళ్ల నీలానికీ తేడా లేదన్నమాట."

"ఏమాత్రం లేదు!" అన్నాడు వకీలు.

"బట్ట కొనేవాళ్లు కూడా కనిపెట్టలేరన్నమాట."

"ఎవ్వరూ కనిపెట్టలేరు! ఏ నీలమైనా ఒకటే నీలం!"

"నోర్ముయ్యవయ్యా ప్లీడరూ!" యజమాని కుర్చీ వెనక్కి పడింది. "ఒకటే నీలమా? మా తాత జీవితమంతా తొట్టి దగ్గర నిలబడి సాధించిన రంగయ్యా అది! ఎండకి వెలవదు, ఉతికితే పోదు. ఎగువవాళ్లది నీలమా? ఏట్లో రెండు మలుపులు తిరిగేసరికి బూడిదైపోతుంది!"

"అలాగా అండీ," అన్నారు నెమ్మదమ్మ గారు, నిజంగానే మెచ్చుకుంటూ. "మరి బావుల దాకా నిలిచి ఉండేది?"

"మాదే! దిగువ పేటలో ఏ బావిలోనైనా చూసుకోండి, అచ్చంగా మాదే! పక్కవాడి చుక్క ఒక్కటి కూడా ఉండదు. కళ్లు మూసుకుని చెప్తా!"

కళ్లు తెరిచి చూసేసరికి అధికారి రాసుకుంటున్నాడు. రంగు వేసి బతికేవాడి రంగు బయటపడింది. వకీలు నిలువునా నీరైపోయాడు. ఆ నీటికి మాత్రం ఏ రంగూ లేదు.

సాయంత్రానికల్లా ముసాయిదా నియమమైంది. శుభ్రం చేయని నీటిని మిల్లు ఇక ఏట్లోకి వదలకూడదు. వెనక బెంచీల్లోంచి ఒక ముసలావిడ వచ్చి, "పొద్దున నిన్ను నానా మాటలూ అన్నానే తల్లీ," అని నెమ్మదమ్మ గారి చేతులు పట్టుకుంది. యజమాని కూడా వచ్చాడు. ఓడిపోయానన్న బాధకంటే, తన నీలం సంగతి ప్రభుత్వ రికార్డుకి ఎక్కిందన్న గర్వమే అతనిలో ఎక్కువగా కనిపించింది. శుభ్రం చేసే యంత్రాన్ని కూడా అందరికంటే మంచిది పెట్టిస్తానని శపథం చేశాడు.

చివరికి మెట్లు దిగుతుంటే మిల్లు వకీలు ఎదురయ్యాడు.

"పొద్దున మా తరఫున మీరే గెలిచారు. ఇప్పుడు మీ తరఫునా మీరే గెలిచారు. ఇంక మధ్యలో నేనెందుకు మేడమ్?"

నెమ్మదమ్మ గారు ఎప్పటిలాగే నెమ్మదిగా అన్నారు:

"కేసన్నాక ఎవరో ఒకరు ఓడిపోవాలి కదండీ."